అరుదైన సముద్రపక్షి కోసం కొండ అంచున ఒక ఉదయం: మొదటి నుంచి చివరి దాకా ఏం చేయాలి

"మూడు గంటలు కూర్చున్నాం, నీళ్ళు తప్ప ఏమీ కనబడలేదు." సముద్రపక్షుల కోసం మొదటిసారి కొండ అంచుకు వెళ్ళొచ్చినవాళ్ళు దాదాపు అందరూ అనే మాట ఇది. కాస్త గుచ్చి అడిగితే సంగతి బయటపడుతుంది. గాలి లేని, ఎండ కాసే రోజు చూసుకుని వెళ్ళారు. చేరేసరికి ఎనిమిదిన్నర అయింది. స్కోప్‌ను (ఒంటి కంటితో చూసే దూరదర్శినిని) 60 రెట్లకు తిప్పారు. ఇక అరుదైన పక్షి కోసం వెతకడం మొదలుపెట్టారు.

నాలుగూ తప్పులే. మొదటి మూడూ ఒక్క ఉదయంలో దిద్దుకోవచ్చు. నాలుగోది అలవాటు కావడానికి కొంత కాలం పడుతుంది. అరుదైన పక్షి వెతికితే దొరకదు. మామూలు పక్షులను ఒక్కొక్కటే గుర్తుపట్టి పంపించేస్తూ ఉంటే, ఎక్కడో ఒకచోట "ఇది వాటిలో కలవడం లేదే" అనిపిస్తుంది. కింద రాసిన వరుసంతా ఆ అనుమానం సరైన చోట, సరైన సమయానికి కలగడం కోసమే.

ఉదాహరణకు బాలియారిక్ షియర్‌వాటర్ అనే సముద్రపక్షిని తీసుకుంటున్నాను. ఇది స్పెయిన్‌కు చెందిన బాలియారిక్ దీవుల్లోనే గుడ్లు పెడుతుంది. అంతరించిపోయే ప్రమాదం అత్యంత తీవ్రంగా ఉన్న పక్షుల వర్గంలో అంతర్జాతీయ ప్రకృతి సంరక్షణ సంస్థ ఐయూసీఎన్ దీన్ని చేర్చింది. పిల్లల కాలం ముగిశాక జిబ్రాల్టర్ జలసంధి దాటి అట్లాంటిక్‌లోకి వస్తుంది. వేసవిలో, ఆ తర్వాతి నెలల్లో పోర్చుగల్, ఫ్రాన్స్, దక్షిణ ఇంగ్లండ్ తీరాల వెంట తిరుగుతుంది. మీ మనసులో ఉన్నది వేరే పక్షి అయినా పద్ధతి మారదు.

1. ముందు గాలి చూడండి, తర్వాత సెలవు పెట్టండి

నడిసముద్రంలో బతికే పక్షికి ఒడ్డుతో పని లేదు. దాన్ని ఒడ్డు దగ్గరికి తెచ్చేది గాలే. సముద్రం మీంచి నేల వైపు వీచే గాలి కావాలి. గాలి బలాన్ని చెప్పే బోఫర్ట్ కొలతలో 5 నుంచి 7, అంటే గంటకు సుమారు 30 నుంచి 60 కిలోమీటర్లు ఉండాలి. అంతకు మించితే స్కోప్ నిలవదు, మీరూ నిలవలేరు.

వేగం ఎంత ముఖ్యమో, గాలి ఎప్పుడు దిక్కు మారుతుందన్నదీ అంతే ముఖ్యం. ఉత్తరార్ధగోళంలో అల్పపీడనం చుట్టూ గాలి గడియారం ముల్లుకు ఎదురు దిశలో తిరుగుతుంది. పడమటి తీరానికి ఉత్తరంగా అల్పపీడనం దాటుతుంటే మొదట నైరుతి గాలి వీస్తుంది, పక్షులను తీరం వైపు నెడుతుంది. మేఘాల వరుస వానతో దాటిపోగానే గాలి వాయవ్యానికి మళ్ళుతుంది. కొట్టుకొచ్చిన పక్షులు మళ్ళీ బయటికి దారి వెతుక్కుంటూ తీరం వెంట సాగుతాయి. రాత్రంతా నైరుతి, తెల్లవారేసరికి వాయవ్యం అని వాతావరణ పటంలో కనబడితే ఇంకేమీ ఆలోచించక్కర్లేదు.

చిరుజల్లు, మసక కూడా మేలే. రెండు కిలోమీటర్లకు మించి చూపు ఆనని వేళ పక్షులు తెలియకుండానే దగ్గరికి వచ్చేస్తాయి. జల్లు వెలిసిన మొదటి పావుగంట బంగారం లాంటిది. దట్టమైన పొగమంచైతే మాత్రం దుప్పటి కప్పుకుని పడుకోండి.

వాతావరణం చూసుకునే వరుస:
- మూడు రోజుల ముందు: అల్పపీడనం ఏ దారిన పోతోంది?
- ముందు రోజు సాయంత్రం: తెల్లవారుజాముకు గాలి దిక్కు, వేగం ఎంత? వాన ఎప్పుడు ఆగుతుంది?
- బయల్దేరే ముందు: హెచ్చరికలు ఏమైనా ఉన్నాయా? సూర్యోదయం ఎన్నింటికి?

2. చోటు: ఎత్తు కన్నా వెలుతురు ముఖ్యం

కంటి ఎత్తు ఎన్ని మీటర్లో చూసి, దాని వర్గమూలాన్ని 3.57తో గుణిస్తే సముద్రపు అంచు ఎన్ని కిలోమీటర్ల దూరాన ఉందో తెలుస్తుంది. 25 మీటర్ల ఎత్తు నుంచి సుమారు 18, 100 మీటర్ల నుంచి సుమారు 36 వస్తుంది. ఎత్తు పెరిగితే మంచిదేగా అనిపిస్తుంది. కానీ షియర్‌వాటర్ రెండు మూడు కిలోమీటర్లు దాటిందంటే ఏ జాతో తేల్చడం ఎలాగూ కష్టమే. పైగా బాగా ఎత్తులో కూర్చుంటే పక్షులన్నీ మీ కిందుగా, నల్లటి నీళ్ళ మీద నల్లటి చుక్కల్లా పోతుంటాయి. 15 నుంచి 30 మీటర్ల ఎత్తు నాకు నచ్చుతుంది. అక్కడి నుంచి చూస్తే పక్షి అల మీంచి లేచినప్పుడల్లా ఆకాశం మీద దాని ఆకారం కోసినట్టు తెలుస్తుంది.

సముద్రంలోకి పొడుచుకొచ్చిన కొన దొరికితే ఇంకేం కావాలి! తీరం వెంట పోయే పక్షి ఆ కొనను చుట్టి వెళ్ళాల్సిందే.

సూర్యుడు ఎటున్నాడో మరచిపోకండి. తూర్పు ముఖంగా ఉన్న అంచు మీద ఉదయం పూట నీళ్ళన్నీ కరిగిన వెండిలా మెరుస్తాయి, పక్షులన్నీ నల్లగా కనబడతాయి. అలాంటి చోట తెల్లవారిన మొదటి అరగంట, లేదా మబ్బు పట్టిన రోజు మాత్రమే పనికొస్తాయి. పడమటి ముఖమైతే వెలుగు మీ వీపు వెనక నుంచి పడుతుంది.

ఇక ప్రాణాల సంగతి. కొండ అంచు పైనుంచి గట్టిగా కనబడినా కింద అలలు తొలిచేసి ఉండొచ్చు. అంచుకు సమాంతరంగా నెర్రెలు కనబడితే ఆ చుట్టుపక్కల కూర్చోవద్దు. తడిసిన గడ్డి సబ్బులా జారుతుంది. పఫిన్లు అనే సముద్రపక్షులు, కుందేళ్ళు తవ్విన బొరియల్లో కాలు దిగబడుతుంది. సముద్రం వైపు నుంచి వచ్చే గాలి మిమ్మల్ని లోపలికి నెడుతుంది, నేల వైపు నుంచి వచ్చేది అంచుకే నెడుతుంది. అది హోరెత్తే రోజున అంచు దగ్గర కూర్చోవడం మానేయండి. ఎలాగూ ఆ రోజు పక్షులూ దూరంగానే ఉంటాయి.

వీలుంటే ముందు రోజు పగటిపూట వెళ్ళి చోటు చూసి రండి. చీకట్లో కొత్త కొండ ఎక్కడం తెలివైన పని కాదు.

3. సంచిలో ఏముండాలి

- బైనాక్యులర్: 8×42 లేదా 10×42. గాలిలో 8 రెట్లే తక్కువ వణుకుతుంది.
- స్కోప్: 80 మి.మీ. ముందు అద్దం, 20 నుంచి 60 రెట్ల జూమ్. 60 ఉందని వాడక్కర్లేదు.
- బరువైన ట్రైపాడ్. తేలికది మీకు ఎంత ముద్దొచ్చినా గాలికి పనికిరాదు.
- కింద పరుచుకోవడానికి తడి అంటని చాప.
- నడవడానికి సరిపోయే బట్టల కన్నా రెండు పొరలు ఎక్కువ. మూడు గంటలు కదలకుండా కూర్చుంటే చలి ఎముకల్లోకి వెళ్తుంది.
- వేళ్ళ కొసలు బయట ఉండే చేతి తొడుగులు. మామూలు తొడుగులతో ఫోకస్ చక్రం తిరగదు.
- పొడి గుడ్డలు మూడు నాలుగు, చిన్న సీసాలో మంచినీళ్ళు. ఎందుకో చివర్లో చెబుతాను.
- నోటుపుస్తకం, పెన్సిల్. తడిసిన కాగితం మీద పెన్ను రాయదు.
- తలకు పెట్టుకునే దీపం, నిండా ఛార్జింగ్ ఉన్న ఫోన్.
- ఎక్కడికి వెళ్తున్నారో, ఎన్నింటికి తిరిగొస్తారో ఇంట్లో ఒకరికి చెప్పిన మాట. సంచిలో పట్టకపోయినా ఇది మరవకూడదు.

4. ఇంట్లోనే చేయాల్సిన పని: మామూలు పక్షులను వంటపట్టించుకోవడం

చాలామంది ముందు రోజు రాత్రి అరుదైన పక్షి బొమ్మల్నే తిరగేస్తారు. నా మాట విని ఆ పుట మూసేయండి. రేపు మీ ముందు నుంచి పోయే పక్షుల్లో నూటికి తొంభై పైన మామూలువే. రంగులు కాదు, ఎగిరే తీరు నేర్చుకోండి. దూరాన రంగు కనబడక ముందే నడక తెలుస్తుంది. వీధి చివర్నుంచి వచ్చే మనిషిని ముఖం కనబడకుండానే గుర్తుపట్టమా, అలాగన్నమాట.

గానెట్: ఇదే మీ కొలబద్ద. రెక్కలు చాపితే సుమారు 1.7 మీటర్లు. ముందు ముక్కు, వెనక తోక, రెండు వైపులా రెక్కలు, నాలుగూ మొనదేలి ఉంటాయి. ముదురు పక్షి తెల్లగా, రెక్కల కొసలు నల్లగా ఉంటాయి. తొలి ఏడాది పిల్ల మాత్రం ముదురు గోధుమరంగులో ఉంటుంది, పూర్తిగా తెల్లబడడానికి ఐదేళ్ళ దాకా పడుతుంది. ఈ రెంటికీ నడుమ ఉండే రంగులే కొత్తవాళ్ళను ఆడిస్తాయి.

ఫుల్మార్: దూరానికి సీగల్‌లా కనబడుతుంది. కానీ రెక్కలు కర్రముక్కల్లా బిగుసుకుని ఉంటాయి, మెడ పొట్టిగా, లావుగా ఉంటుంది. నాలుగు సార్లు రెక్కలు ఆడించి, ఇక ఆడించడం మరచిపోయినట్టు జారుకుంటూ పోతుంది.

మాంక్స్ షియర్‌వాటర్: రెక్కల చాపు 80 సెంటీమీటర్ల దరిదాపు. ఒకసారి వీపు నలుపు, ఒకసారి పొట్ట తెలుపు చూపిస్తూ అటూ ఇటూ ఒరుగుతూ పోతుంది. రేపు మీరు అన్నిటికన్నా జాగ్రత్తగా చూడాల్సింది దీన్నే, ఎందుకంటే బాలియారిక్ దీనికి దగ్గరి చుట్టం.

గిల్లెమాట్, రేజర్‌బిల్: పొట్టి రెక్కలను గిరగిరా ఆడిస్తూ నీళ్ళను అంటిపెట్టుకుని వరుసగా పోతాయి. జారడం వీటికి రాదు.

స్కువా: తిన్నగా పోతూ పోతూ హఠాత్తుగా మరో పక్షి వెంటపడి, అది తిన్నది కక్కేదాకా వదలదు. సీగల్ ఎందుకో మెలికలు తిరుగుతూ పారిపోతుంటే దాని వెనక చూడండి.

ఈ ఐదారూ నిద్రలో లేపి అడిగినా చెప్పగలిగితే సగం పని అయిపోయినట్టే.

5. చీకటితోనే చేరాలి

సూర్యోదయానికి అరగంట ముందు కూర్చుని ఉండాలి. పక్షుల రాకపోకలు తెల్లవారిన మొదటి రెండు మూడు గంటల్లోనే ఎక్కువగా ఉంటాయి.

కూర్చున్నాక వరుస ఇది:

1. ట్రైపాడ్ కాళ్ళు పొట్టిగా ఉంచి, వెడల్పుగా చాపండి. సంచిని దాని మధ్య నుంచి వేలాడదీసి అడుగు నేలకు ఆనించండి. గాల్లో ఊగే బరువు వణుకును ఇంకా పెంచుతుంది.
2. స్కోప్‌ను 25 లేదా 30 రెట్ల దగ్గర ఆపండి.
3. దూరాన ఉన్న బోయా (నీళ్ళ మీద తేలే గుర్తు) లేదా పడవ మీద ఫోకస్ సరిచూసుకోండి. ఖాళీ నీళ్ళ మీద ఫోకస్ కుదిరిందనుకోవడం ఒట్టి భ్రమ.
4. కళ్ళెదుట ఉన్న గుర్తులన్నీ పక్కవాళ్ళతో కలిసి పేరుపెట్టుకోండి: ఎర్ర బోయా, నల్ల రాయి, ఓడ.
5. గాలి దిక్కు, చూపు ఆనే దూరం, మొదలుపెట్టిన సమయం రాసుకోండి.

వెలుగు వచ్చాక మొదటి పది నిమిషాలు బైనాక్యులర్‌తోనే చూడండి. పక్షులు ఏ దూరంలో, ఎటు నుంచి ఎటు పోతున్నాయో తెలియకుండా స్కోప్‌లో కన్ను పెడితే వెదురుగొట్టంలోంచి ఊరేగింపు చూసినట్టే.

6. స్కోప్ తిప్పే పద్ధతి

20 రెట్ల దగ్గర మామూలు స్కోప్‌లో వెయ్యి మీటర్ల దూరాన కనబడే వెడల్పు 40 మీటర్ల లోపే. 60 రెట్లకు వెళ్తే అది సగానికి పడిపోతుంది. పైగా గాలి వణుకు, నీటి ఆవిరి మసక రెండూ పెద్దవవుతాయి. అందుకే రెట్లు పెంచొద్దనేది.

సముద్రపు అంచు గీత మీ చూపు వలయంలో పై భాగాన ఉండేలా పెట్టండి. అప్పుడు దూరంలో లేచేవీ, దగ్గరగా పోయేవీ రెండూ అందుతాయి. పక్షులు ఎడమ నుంచి కుడికి పోతుంటే మీరు కుడి నుంచి ఎడమకు మెల్లగా తిప్పండి. వాటికి ఎదురెళ్తే ఎక్కువ పక్షులు తగులుతాయి. అవి పోయే దిక్కుకే మీరూ తిప్పుతుంటే చూసినదాన్నే చూస్తుంటారు.

ఒక చివరి నుంచి ఇంకో చివరికి ఒక నిమిషం పట్టాలి. షియర్‌వాటర్ అల లోయలోకి దిగితే రెండు మూడు సెకన్లు కనబడదు. మీరు తొందరపడితే ఆ రెండు సెకన్లలోనే దాన్ని దాటిపోతారు.

పక్షులు బారులు బారులుగా పోతుంటే తిప్పడం మానేసి స్కోప్‌ను ఒకే గీత మీద ఆపి, దాటిన ప్రతిదాన్నీ లెక్కపెట్టండి. రెండో కన్ను మూయకండి, చేత్తో కప్పుకోండి. మూస్తే అరగంటలో తల పగిలిపోతుంది. ఇరవై నిమిషాలకోసారి లేచి కాళ్ళు విదిలించి, కన్ను మార్చండి.

7. పక్కవాళ్ళకు చెప్పే తీరు

"అదిగో, అక్కడ!" అంటే ఎవరికీ ఏమీ కనబడదు. గడియారపు ముల్లు లెక్క వాడండి: నేరుగా సముద్రం వైపు పన్నెండు, కుడిచేతి పక్క మూడు, ఎడమచేతి పక్క తొమ్మిది. చెప్పే వరుస: పక్షి, గడియారం లెక్క, గుర్తు, పోయే దిక్కు, ఎత్తు.

"షియర్‌వాటర్, ఒంటి గంట, ఎర్ర బోయాకు అవతల, కుడికి పోతోంది, సముద్రపు అంచుకు కిందుగా." అంతే. బోయా దాటే క్షణాన "ఇప్పుడు" అనండి. ఆ ఒక్క మాటతో అందరి స్కోపులూ కలుస్తాయి.

8. "అదేనా?" అనిపించిన ఆ పది సెకన్లు

ఇక్కడే ఉదయమంతా తేలేది. కెమెరా జోలికి పోకండి, పుస్తకం తెరవకండి. కన్ను ఐపీస్ (స్కోప్‌లో కన్ను పెట్టే అద్దం) మీంచి తీయకుండా కనబడింది పైకి చెప్పండి. ఫోన్‌లో గొంతు రికార్డింగ్ ముందే పెట్టుకుని ఉంటే తర్వాత జ్ఞాపకం మిమ్మల్ని మోసం చేయలేదు.

చూడాల్సిన వరుస:

1. పక్కనున్న పక్షితో పోలిస్తే ఎంత? గానెట్‌లో సగమా? మాంక్స్ కన్నా లావుగా ఉందా?
2. ఎగిరే తీరు ఎలా ఉంది? ఎన్నిసార్లు ఆడించి, ఎంతసేపు జారుతోంది?
3. అది ఒరిగినప్పుడు పొట్ట ఏ రంగు?
4. వీపు ఏ రంగు?
5. ముక్కు, కాళ్ళు అన్నిటికన్నా ఆఖర్న. దూరాన ఇవి ఎలాగూ అంతంతమాత్రమే.

బాలియారిక్ విషయంలో మాంక్స్‌తో తేడా ఇలా ఉంటుంది. మాంక్స్‌కు నలుపు, తెలుపు మధ్య గీత గీసినట్టుంటుంది. బాలియారిక్ వీపు గోధుమరంగు, పొట్ట మాసిన బట్టలా ఉంటుంది, చంకలూ తోక కిందా ముదురుగా ఉంటాయి. ఒళ్ళు కాస్త బొద్దు, కాళ్ళు తోక దాటి కొద్దిగా బయటికి కనబడతాయి. మాంక్స్ కన్నా ఎక్కువగా రెక్కలు ఆడిస్తుంది, తక్కువ దూరం జారుతుంది.

ఇంకోవైపు సూటీ షియర్‌వాటర్ ఉంది. అది పెద్దది, ఒళ్ళంతా మసి రంగు, రెక్కలు పొడవుగా సన్నగా ఉంటాయి, ఒరిగినప్పుడు రెక్క కింద వెండిలా తళుక్కుమంటుంది. ఆ తళుకు కనబడితే బాలియారిక్ మాట మరచిపోవచ్చు.

జాగ్రత్త: ఎదురెండలో ప్రతి మాంక్సూ నల్లగా ఉంటుంది. ఏటవాలు పసుపు వెలుగులో మాంక్స్ వీపు కూడా గోధుమరంగులోకి తిరుగుతుంది. అందుకే ఒక్క గుర్తు మీద తీర్పు చెప్పకండి. కనీసం మూడు కలవాలి, అందులో ఒకటి పొట్ట అయి ఉండాలి.

పక్షి వెళ్ళిపోయాక, పుస్తకం తెరిచే ముందు, ఒక పిచ్చి బొమ్మైనా సరే పెన్సిల్‌తో గీయండి. పుస్తకం చూశాక గీసేది మీరు చూసిన పక్షి కాదు, పుస్తకంలో పక్షే.

9. అందరూ చేసే పొరపాట్లు, వాటి సవరణలు

*కొలత లేకుండా పరిమాణం చెప్పడం.* ఇది నా సొంత పరువు పోయిన కథ. ఒక మసక ఉదయం ఒంటరిగా పోతున్న పెద్ద నల్లరెక్కల పక్షిని చూసి, భారీ సముద్రపక్షి ఆల్బట్రాస్ అని అరిచాను. పక్కన ఉన్నవాళ్ళందరూ స్కోపులు తిప్పారు. అందరూ చూస్తుండగానే అది రెక్కలు వెనక్కి మడిచి నిలువునా నీళ్ళలోకి దూకింది. గానెట్, నాలుగేళ్ళదేమో. ఆ తర్వాత పక్కన ఇంకో పక్షి వచ్చేదాకా పరిమాణం గురించి నోరు విప్పడం మానేశాను.

*మామూలు సీగల్ జాతి కిట్టివేక్ పిల్లను అరుదైన సబైన్ సీగల్ అనుకోవడం.* కిట్టివేక్ పిల్ల రెక్కల మీద నల్లటి వంకర గీత ఉంటుంది, మెడ మీద నల్లపట్టీ ఉంటుంది. దూరాన రెండూ మూడు రంగుల ముక్కల్లాగే కనబడతాయి. ఆ వంకర గీత ఉందో లేదో ముందు చూడండి.

*ఐపీస్ మీద ఆవిరి పట్టడం.* ఊపిరి పక్కకు వదలండి. స్కోప్‌ను వెచ్చటి కారులోంచి తీసి వెంటనే వాడకుండా పది నిమిషాలు బయట పెట్టండి.

*ఎనిమిదింటికే లేచిపోవడం.* జల్లు పడుతోందని లేచిపోతారు. జల్లు వెనకే పక్షులుంటాయి. స్కోప్ మీద గుడ్డ కప్పి, మీరూ ముడుచుకుని, అది దాటేదాకా ఆగండి.

*అన్నిటికీ పేరు పెట్టాలనుకోవడం.* "షియర్‌వాటర్, జాతి తెలియలేదు" అని రాయడం సిగ్గుపడాల్సిన విషయం కాదు. ఏళ్ళ తరబడి కూర్చున్నవాళ్ళ పుస్తకాల్లోనే ఆ వరుస పొడవుగా ఉంటుంది.

10. గూళ్ళున్న కొండ అయితే

గిల్లెమాట్ గూడు కట్టదు, ఉత్త రాతి గట్టు మీదే ఒక్క గుడ్డు పెడుతుంది. మనిషి తల అంచు మీద హఠాత్తుగా కనబడితే పక్షులన్నీ ఒక్కసారి లేస్తాయి, గుడ్లు కిందికి దొర్లిపోతాయి. పక్షులు మెడలు సాచి తలలు పైకీ కిందికీ ఊపుతుంటే మీరు ఎక్కువ దగ్గరికి వచ్చారని అర్థం. మెల్లగా వెనక్కి తగ్గండి.

ఫుల్మార్ దగ్గరికి వెళ్తే కంపుకొట్టే నూనె మీ మీదికి ఉమ్ముతుంది. ఆ బట్టలు ఎన్ని ఉతుకులకూ లొంగవు.

- డ్రోన్ వద్దు, పక్షి కూతల రికార్డింగులు వద్దు.
- కొండ కింద గుహల వైపు దిగొద్దు.
- చచ్చిన, జబ్బుపడిన పక్షిని ముట్టుకోవద్దు. 2022లో బర్డ్ ఫ్లూ ఉత్తర అట్లాంటిక్‌లో గానెట్లనూ గ్రేట్ స్కువాలనూ పెద్ద ఎత్తున చంపింది. కనబడితే స్థానిక అధికారులకు చెప్పండి.

11. లేచేముందు, ఇంటికొచ్చాక

ముగించిన సమయం, గాలి మారిందేమో, ఏ పక్షి ఎన్ని ఏ దిక్కుకు పోయాయో పావుగంటల వారీగా రాసి ఉంచండి. పక్షుల లెక్కలు నమోదు చేసే ఈబర్డ్ సైట్‌లో పెట్టేటప్పుడు ఒకేచోట కూర్చుని చేసిన లెక్కగా పెట్టండి. అరుదైనది కనబడితే ఏం చూశారో దానితో పాటు ఏం చూడలేకపోయారో కూడా రాయండి: "ముక్కు కనబడలేదు, దూరం సుమారు కిలోమీటరు, వెలుగు వెనక నుంచి." నమోదులు సరిచూసేవాళ్ళు నమ్మేది ఇలాంటి వాక్యాలనే.

ఆఖరి పని, అందరూ ఎగ్గొట్టేది. అద్దాల మీద పడిన ఉప్పు తుంపర ఎండి సన్నటి పలుకులుగా మారి ఉంటుంది. పొడి గుడ్డతో తుడిస్తే ఉప్పుకాగితంతో రుద్దినట్టే, అద్దం మీది పూత గీరుకుపోతుంది. సీసాలో తెచ్చిన మంచినీళ్ళతో ముందు గుడ్డ బాగా తడిపి, ఆ నీళ్ళు అద్దం మీద పడేలా పిండండి; ఉప్పు కరిగి జారాక అప్పుడు పొడి గుడ్డతో అద్దండి. ట్రైపాడ్ కాళ్ళు పూర్తిగా విప్పి, మరల (స్క్రూల) దగ్గర మంచినీళ్ళు పోసి, నీడలో ఆరబెట్టండి. లేకపోతే మళ్ళీ నైరుతి గాలి వచ్చేసరికి అవి తెరుచుకోవు.